చెప్పడమూ, చెప్పుకోవడమూ

మన భాషలో చిత్రమైన మాట ఒకటుంది – ‘ధైర్యం చెప్పడం’. కథ చెబుతాం, కబురు చెబుతాం, పిల్లలకు లెక్కలు చెబుతాం, అత్తగారి మీద చాడీలు చెబుతాం. అలాగే ధైర్యమూ చెబుతాం. నోటితో అనేస్తే చాలు, ఎదుటి మనిషి చెవిలోంచి తిన్నగా గుండెలోకి జారిపోయే వస్తువేదో అయినట్టు!

యాభై ఏళ్ళు వచ్చేదాకా నేనూ ఆ మాటను ఆలోచించకుండానే వాడాను. ఎవరింట్లో జబ్బన్నా, ఆపరేషనన్నా ‘వెళ్ళి నాలుగు ధైర్యం మాటలు చెప్పి వద్దాం’ అని చీర మార్చుకుని బయల్దేరేదాన్ని. చెప్పాల్సిన నాలుగూ చెప్పేసి, వస్తూ వస్తూ బజార్లో కూరలు కూడా కొనుక్కొచ్చేదాన్ని. ఒక మంచిపని చేశానన్న తృప్తితో ఆ పూట వంకాయ కూర మరింత రుచిగా ఉండేది.

2017లో నా వంతు వచ్చింది. బయాప్సీ కాగితం బల్లమీద పెట్టి డాక్టరుగారు మెల్లగా చెప్పారు, రొమ్ము కేన్సరని. ముందు ఆపరేషన్, ఆ తరవాత కీమో, చివర రేడియేషన్ అన్నారు. ఆ వారంలోనే ధైర్యం చెప్పేవాళ్ళు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు.

వాళ్ళని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు సుమండీ. అందరూ నా మీద అభిమానంతో వచ్చినవాళ్ళే. కొందరు ‘ఏం ఫరవాలేదు, ఈ రోజుల్లో ఇదొక జబ్బా?’ అనేవారు. కొందరు తమ తోడికోడలి చెల్లెలికి ఇదే వచ్చి, ఇప్పుడు నిక్షేపంలా తిరుగుతోందని చెప్పేవారు. ఇంకొకావిడ అలాగే మొదలుపెట్టి, కథ మధ్యలో ఆ మనిషి పోయిందన్న సంగతి గుర్తొచ్చి, కాఫీ చల్లారిపోతోందంటూ మాట మార్చేసింది. లక్ష్మణఫలం తినమన్నవారు, గోధుమగడ్డి రసం తాగమన్నవారు, వంటింట్లో బీరువా స్థలం మార్చమన్నవారు కూడా ఉన్నారు. ఆ నెలలో మా ఇంట్లో చేరిన ఆపిల్ పళ్ళతో సందు మొగలో ఒక బండి పెట్టుకోవచ్చు. చివరికి ఏమయ్యేదంటే, నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళకి నేనే ధైర్యం చెప్పి, కాఫీ ఇచ్చి, గుమ్మందాకా సాగనంపేదాన్ని. వాళ్ళు వెళ్ళాక తలుపేసుకుని నేను ఏడ్చేదాన్ని.

అప్పుడే మొదటిసారి అనుమానం వచ్చింది. ధైర్యం అనేది అసలు చెప్పడానికి వీలయ్యేదేనా అని.

ఆపరేషన్ అయిన నెలకి కీమో మొదలైంది. ఇరవయ్యొక్క రోజులకోసారి హైదరాబాదు వెళ్ళాలి. ఒక పెద్ద హాలు, వరసగా వాలు కుర్చీలు, ప్రతి కుర్చీ పక్కనా ఒక స్టాండు, దానికి వేలాడే సీసా. మందు చుక్కచుక్కగా దిగడానికి నాలుగైదు గంటలు పట్టేది. మగవాళ్ళు పేపరు చదువుకుంటూ బయట వరండాలో కూర్చునేవాళ్ళు. మూడేసి వారాల లెక్క ఒకటే కావడంతో ప్రతిసారీ మేమే కొందరం ఆడవాళ్ళం కలిసేవాళ్ళం. మాకు మేమే ‘బుధవారం బ్యాచి’ అని పేరు పెట్టుకున్నాం.

మొదటిరోజు నా చేతికి ఎక్కించిన మందు ఎర్రగా, రోజామిల్కు చిక్కబడినట్టుంది. సిస్టరమ్మాయి హడావిడిగా వచ్చి, అది పెట్టి, సంతకం తీసుకుని వెళ్ళిపోయింది. పక్క కుర్చీలో ఉన్నావిడ నావైపు తిరిగింది. గుంటూరు మిరపయార్డు దగ్గర చిన్న హోటలు నడుపుతుందట. తలకి పువ్వుల పువ్వుల గుడ్డ కట్టుకుని ఉంది.

‘చెల్లెమ్మా, ఇదే మొదలా?’ అంది.

అవునన్నాను.

‘రేపు బాత్రూముకి పోతే ఎర్రగా వస్తది. రక్తమనుకుని హడలిపోబాక. ఈ మందు రంగే అది. ఎల్లుండికి పోద్ది. నేను ఆ రాత్రంతా మా ఆయన్ని నిద్రపోనియ్యలా, చచ్చిపోతన్నాననుకుని.’

అంతే. అంతకుమించి ఒక్క ధైర్యం మాట కూడా అనలేదు. మర్నాడు పొద్దున్న సరిగ్గా ఆవిడ చెప్పినట్టే అయింది. నేను హడలిపోలేదు. మా ఇంటికి వచ్చిన యాభైమంది యాభై విధాల చెప్పిన మాటల్లో లేనిది, ఆ హోటలావిడ చెప్పిన నాలుగు ముక్కల్లో ఉంది. ఏమిటది? రాత్రంతా కూర్చుని ఆలోచించాను. నిద్ర ఎలాగూ పట్టదు కదా.

ఆ తరవాత బుధవారాల్లో ఎన్ని నేర్చుకున్నానని! రెండు మూడు వారాల్లో జుట్టు ఊడడం మొదలవుతుంది, దిండు మీద కుచ్చులు కుచ్చులుగా చూసి ఏడవడంకన్నా ముందే పొట్టిగా కత్తిరించేసుకోమని ఒకావిడ చెప్పింది. నోరు పూస్తే ఉప్పునీళ్ళతో పుక్కిలించడం, ఆపరేషనైన వైపు చెయ్యి పైకి లేవకపోతే గోడకెదురుగా నిలబడి వేళ్ళతో చీమలా మెల్లమెల్లగా పైకి పాకించడం, జాకెట్టులో ఒకవైపు దూది ఎత్తు ఎంతుండాలో టెయిలరుకి సిగ్గుపడకుండా చెప్పడం – ఇవన్నీ అక్కడే. వరంగల్ నుంచి వచ్చే టీచరమ్మ ఒకరుండేది. ‘అద్దంలో మొదటిసారి ఒక్కదానివే చూసుకోకక్కా, మీ ఆయన్ని పక్కన ఉండమను. లేకుంటే ఆయన చూడకుండ నువ్వు, నువ్వు చూడకుండ ఆయన, ఏడాదైనా దాచుకుంటనే ఉంటరు’ అంది. మా అక్కచెల్లెళ్ళెవరూ నాతో అనలేని మాట అది. నేను వాళ్ళని అడగలేని మాట కూడా.

అప్పుడు తెలిసింది. తెలుగులో ‘చెప్పడం’ ఒకటే లేదు, ‘చెప్పుకోవడం’ అని ఇంకోటి ఉంది. వండడం ఇంటిల్లిపాదికీ, వండుకోవడం మనకి. ధైర్యం చెబుతాం, కష్టసుఖాలు మాత్రం చెప్పుకుంటాం. ‘కష్టసుఖాలు చెప్పడం’ అని ఎవరైనా అంటారా? చెప్పేటప్పుడు చెప్పేవాళ్ళు ఒక మెట్టు పైన, వినేవాళ్ళు ఒక మెట్టు కింద ఉంటారు. చెప్పుకునేటప్పుడు ఇద్దరూ ఒకే చాప మీద కూర్చోవాలి. హోటలావిడ నాకు ధైర్యం చెప్పలేదు. తన భయం చెప్పుకుంది. ఆ భయం తోవలో ఆవిడ నాకన్నా నాలుగడుగులు ముందు నడిచింది కాబట్టి, నాకు తోవ తెలిసింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది చక్కని నీతికథ అయ్యేది. కాని ఐదోసారి వెళ్ళినప్పుడు టీచరమ్మ కుర్చీలో వేరే ఎవరో ఉన్నారు.

‘ఆవిడేరీ?’ అన్నాను.

హోటలావిడ సీసావైపు చూస్తూ, ‘ఇక రాదంట’ అంది.

ఆ రోజు మా బ్యాచిలో ఎవరూ మాట్లాడలేదు. అందరికన్నా ఎక్కువ చెప్పుకున్నదీ, అందరికన్నా ఎక్కువ విన్నదీ ఆవిడే. చెప్పుకోవడమే మందైతే ముందు ఆవిడే బతకాలి కదా! మరెందుకీ చెప్పుకోవడం అనిపించింది నాకు.

ఈ ప్రశ్న నాకొక్కదానికే రాలేదని తరవాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో డేవిడ్ స్పీగెల్ అనే డాక్టరు, రొమ్ము కేన్సర్ ఒంట్లో ఇతర భాగాలకు పాకిన 86 మంది స్త్రీలను తీసుకుని, వాళ్ళలో కొందరిని వారానికోసారి ఒకచోట కూర్చోబెట్టి కష్టసుఖాలు చెప్పుకోనిచ్చాడు. 1989లో ఫలితాలు ప్రకటించాడు. అలా చెప్పుకున్నవాళ్ళు సగటున మూడేళ్ళు, తక్కినవాళ్ళు ఏడాదిన్నర బతికారని తేలింది. లోకమంతా ఆశ్చర్యపోయింది. మాటకి అంత శక్తి ఉందా అని సంబరపడింది. కాని 2001లో కెనడాలో 235 మందితో మరింత పెద్ద పరిశీలన చేసినప్పుడు ఆ సంబరం నిలవలేదు. చెప్పుకున్నవాళ్ళూ చెప్పుకోనివాళ్ళూ దాదాపు ఒకే కాలం బతికారు. ఆయుష్షు పెరగలేదు. అయితే ఒక తేడా కనిపించింది. చెప్పుకున్నవాళ్ళకి నొప్పి తక్కువగా తెలిసింది, మనసులో దిగులు తగ్గింది. మొదట్లో ఎక్కువ కుమిలిపోయినవాళ్ళకే ఎక్కువ మేలు జరిగింది.

ఇది చదివి కొందరు నిరాశపడి ఉంటారు. నాకు మాత్రం గుండె తేలికైంది. మాట ఆయుష్షు పెంచదని తెలిస్తే, పోయినవాళ్ళు సరిగ్గా మాట్లాడక, ధైర్యంగా ఉండక పోయారన్న నింద తప్పుతుంది. ‘ధైర్యంగా ఉంటే తగ్గిపోతుంది’ అని మనం ఎంత సులువుగా అంటామో! తగ్గనివాళ్ళకి జబ్బుతోపాటు పిరికివాళ్ళన్న పేరు కూడా అంటగడుతున్నామని గమనించం. టీచరమ్మ ధైర్యం తక్కువై పోలేదు. జబ్బు ఎక్కువై పోయింది. ఇక ఆయుష్షు పెంచని మాట వృథాయేనా అంటారా? దాహంతో వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇచ్చేటప్పుడు ఇది ఎన్నేళ్ళు బతికిస్తుందని లెక్క చూస్తామా?

సరే, ఇప్పుడు మా పై వాటా పిన్నిగారి సంగతి చెప్పాలి.

విజయవాడలో మేముండే మేడలో పై వాటా వాళ్ళది. పిన్నిగారు నెమ్మది మనిషి. నాకు జబ్బని తెలిసిన తరవాత కూడా ధైర్యం చెప్పడానికి రాలేదు. నాకది కాస్త కష్టంగానే ఉండేది. అయితే కీమో అయిన మూడోరోజు మాత్రం చిన్న స్టీలు గిన్నెలో చారు పంపేది. ఇంగువ వాసన లేకుండా, పోపు ఘాటు లేకుండా, చల్లార్చి, పల్చగా. ఆ మూడు రోజులూ నా నోట్లోకి అదొక్కటే దిగేది.

ట్రీట్‌మెంటంతా అయిపోయాక ఒకరోజు పొద్దున్నే ఆ గిన్నె ఇవ్వడానికి పైకి వెళ్ళాను. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని నాలుగు నిమ్మకాయలు వేసుకుని వెళ్ళాను. అప్పుడే షుగరు పరీక్షకి రక్తం తీసుకోవడానికి లేబరేటరీ కుర్రాడు వచ్చి ఉన్నాడు. ఎడమచెయ్యి చాపమన్నాడు. పిన్నిగారు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, ‘ఆ చేతికి వద్దు నాయనా, కుడిచేతికి తియ్యి’ అంది.

నేను ఆగిపోయాను. చంకలోని గ్రంథులు తీసేసిన వైపు చేతికి సూది గుచ్చనివ్వద్దు, బీపీ పట్టీ కట్టనివ్వద్దు, చెయ్యి వాచే ప్రమాదం ఉందని మాకు చెప్పి పంపించారు. ఆ చెయ్యి వెనక్కి లాక్కునే తీరు నాకు తెలుసు. నేనూ అలాగే లాక్కుంటాను. ఆవిడ నా మొహం చూసింది. నాకు తెలిసిపోయిందని ఆవిడకీ తెలిసిపోయింది.

కుర్రాడు వెళ్ళాక చెప్పింది. 2009లో వచ్చిందట. అప్పటికి ఇద్దరాడపిల్లలకీ పెళ్ళి కాలేదు. అరుణాచలంలో ఆరునెలలు ఉండి వస్తామని అందరికీ చెప్పి, మద్రాసులో గది తీసుకుని వైద్యం చేయించుకున్నారట.

‘మరి జుట్టో పిన్నిగారూ?’ అన్నాను.

‘తిరుపతిలో ఇచ్చానన్నాను. ఎవరు కాదంటారు? ఆ ఏడుకొండలవాడే నా పరువు కాపాడాడు’ అని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. మెట్లు దిగుతుంటే కోపం ముంచుకొచ్చింది. నేను రాత్రులు పైకప్పు చూస్తూ పడుకున్న ఆ ఎనిమిది నెలలూ, ఆ పైకప్పు మీదనే, అన్నీ తెలిసిన మనిషి పడుకుని ఉంది! ఒక్క మాట చెబితే ఏం పోయేది? ఎర్రగా వస్తుందని తెలుసుకోవడానికి నేను గుంటూరు మనిషిని కలుసుకోవాల్సి వచ్చింది. తన కష్టం తనది కాబట్టి దాచుకునే హక్కు తనదేనా? దానివల్ల మరొకరి కష్టం తగ్గే వీలున్నప్పుడు కూడా?

ఈ కోపం కొన్నాళ్ళు మోశాను. ఒకరోజు వంటింట్లో చారు కాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఆవిడ చారు పంపింది మొదటిరోజు కాదు, రెండోరోజు కాదు, మూడోరోజు. నోరు చేదై, వాసన చూస్తేనే కడుపులో తిప్పేది సరిగ్గా ఆ రోజునించే. ఇంగువ ఎందుకు వెయ్యలేదు? చల్లార్చి ఎందుకు పంపింది? తెలిసినవాళ్ళు తప్ప ఎవరూ అలా పంపలేరు. ఆవిడ నోటితో చెప్పలేనిది గిన్నెతో చెప్పింది. వినడం నాకు రాలేదంతే.

దాచడం, చెప్పడం అనే ఈ పేచీ ఈనాటిది కాదు, మన ఒక్క దేశానిదీ కాదు. ఫానీ బర్నీ అనే ఇంగ్లీషు రచయిత్రికి 1811లో పారిస్‌లో రొమ్ము ఆపరేషన్ చేశారు. మత్తుమందు ఇంకా రాని రోజులు. స్పృహలో ఉండగానే కోశారు. ఆ సంగతి నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడలేకపోయింది. చివరికి ఇంగ్లండులో ఉన్న అక్క ఎస్తర్‌కి జరిగిందంతా ఉత్తరం రాసింది. ఆ ఒక్క ఉత్తరం రాయడానికే నెలలు పట్టింది. ఆ తరవాత 1840 దాకా, 87 ఏళ్ళు వచ్చేదాకా బతికింది. ఆవిడ రాసింది అక్కకి. రెండువందల ఏళ్ళ తరవాత మనమూ చదువుతున్నాం.

న్యూయార్కులో టెరీస్ లాసర్ అనే ఆవిడ 1952లో, తనకి ఆపరేషనయ్యాక, అదే ఆపరేషనైన ఇతర స్త్రీల మంచాల దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. చెయ్యి కదిలించడానికి ఒక బంతి, ఒక తాడు, జాకెట్టులో పెట్టుకోవడానికి ఒక మెత్త పట్టుకెళ్ళేది. మా మధ్యకి నువ్వెవరివని కొందరు సర్జన్లు విసుక్కున్నారు. 1969లో అమెరికన్ కేన్సర్ సొసైటీ ఆ పనిని తనదిగా చేసుకుంది. ఆ జబ్బు అనుభవించినవాళ్ళే వెళ్ళాలన్నది అక్కడ నియమం.

అయితే 1978లో ఆపరేషనైన ఆడ్రీ లార్డ్ అనే నల్లజాతి కవయిత్రి మంచం దగ్గరికి అలాంటి ఒకావిడ ఆ మెత్త పట్టుకుని వెళితే, ఆమెకి నచ్చలేదు. వచ్చినావిడ మంచిదే, కాని ఆ మెత్త ఎవరికోసం? చూసేవాళ్ళకి ఇబ్బంది కలగకుండానా? అందరం ఇలా దాచేసుకుంటే ఒకళ్ళనొకళ్ళం ఎలా పోల్చుకుంటామని 1980లో అచ్చయిన తన పుస్తకంలో వాదించింది. అది చదువుతుంటే నాకు పిన్నిగారి ఎడమచెయ్యి గుర్తొచ్చింది. 2022లో మన దేశంలో కొత్తగా రొమ్ము కేన్సర్ వచ్చినవాళ్ళు సుమారు 1 లక్షా 92 వేలమందని అంచనా. వీళ్ళంతా ఎక్కడున్నారు? మన మెట్ల మీదే, మన పేరంటాల్లోనే. అరుణాచలం వెళ్ళామంటూ.

పిన్నిగారు వైద్యానికి వెళ్ళిన మద్రాసులోనే ఇంకో కథ ఉంది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి చెల్లెలు కేన్సర్‌తో పోయింది. ఆ దుఃఖాన్ని ఆవిడ లోపల దాచిపెట్టి తాళం వెయ్యలేదు. పదిమందిలో చెప్పుకుని, పదిమందినీ చందాలడిగి, 1954లో అడయారులో కేన్సర్ ఆసుపత్రిగా నిలబెట్టింది. చెప్పుకున్న దుఃఖానికి ఒక్కోసారి గోడలు లేస్తాయి, పైకప్పు పడుతుంది. ఆ కప్పు కింద ఎందరో పడుకుంటారు.

ఇన్ని చదివి, ఇంత ఆలోచించి, ‘దాచడం తప్పు’ అని మనసులో తీర్పు రాసేసుకున్నాను. సరిగ్గా అప్పుడే మా అమ్మాయికి సంబంధం వచ్చింది.

పెళ్ళివారు బాగున్నారు. కుర్రాడు నెమ్మదస్తుడు. కాబోయే వియ్యపురాలు నా పక్కన కూర్చుని, ‘మీ ఆరోగ్యం ఎలా ఉంటోంది వదినగారూ?’ అంది ఎంతో మర్యాదగా. నేను ఏమన్నానో తెలుసా? ‘షుగరు మొదలైందండీ, అంతకుమించి ఏం లేదు’ అన్నాను. తడుముకోకుండా, చిరునవ్వుతో! ఫానీ బర్నీ, ముత్తులక్ష్మీ రెడ్డి ఎవరూ నా నోటికి అడ్డం రాలేదు. ఆ రాత్రి పైకప్పు చూస్తూ పడుకుని, పై వాటాలో ఉన్న మనిషికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. తీర్పు రాయడం తేలిక. ఆడపిల్ల తల్లి కుర్చీలో కూర్చుని రాయడం కష్టం.

పొద్దున్నే అమ్మాయితో అన్నాను. అది కాసేపు ఊరుకుని, ‘అమ్మా, నిన్ను దాచిపెట్టి నేను వెళ్ళే ఇల్లు నాకొద్దు’ అంది. వాళ్ళకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఇది అంటుజబ్బు కాదనీ, పుట్టుకతో తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువుల మూలంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పదిదాకానే ఉంటాయనీ, నాకు ఆ పరీక్ష చేశారనీ, నాది ఆ కోవలోది కాదనీ అన్నీ వివరంగా చెప్పాం. వారం తరవాత జాతకాలు కలవలేదని కబురొచ్చింది. జాతకాలు పెళ్ళిచూపులకు ముందే చూశారు! అమ్మాయికి తరవాత వేరే చోట పెళ్ళయింది, అది వేరే సంగతి. కాని నిజం చెబితే అంతా మంచే జరుగుతుందని మీకు నేను రాయలేను. ఒక్కోసారి మంచి సంబంధం పోతుంది. ఆ ఖర్చు తెలిసినవాళ్ళు, తెలిసి ఇంకా పెట్టుకోలేనివాళ్ళు దాచుకుంటే, రాయి విసిరే అర్హత ఎవరికుంది?

మరి చివరికి నేనేమంటున్నాను? దాచినవాళ్ళని పిరికివాళ్ళనను. బయటపెట్టినవాళ్ళని వీరవనితలనీ అనను. ఊరందరికీ చెప్పాల్సిన బాకీ ఎవరికీ లేదు. కాని అదే తోవలో మన వెనక ఒక మనిషి నడుస్తోందని తెలిశాక, గొయ్యి ఎక్కడుందో తెలిసీ ఊరుకోవడం మాత్రం మనసు ఒప్పే పని కాదు. నోటితో చెప్పుకోగలిగితే నోటితో, లేకపోతే గిన్నెతో. అయితే ఒకటి. నా గొయ్యి ఎక్కడుందో చెప్పగలను గాని, నువ్వు గమ్యం చేరతావని చెప్పలేను. అలా చెప్పానంటే మళ్ళీ ఒక మెట్టు పైకెక్కి ధైర్యం ‘చెప్పే’ మనిషినైపోతాను. ఈ జబ్బులోనే ఎన్నో రకాలున్నాయి. నాకు పనిచేసిన మందు ఇంకొకరికి పనిచెయ్యకపోవచ్చు. నాకు తగ్గిందంటే అది నా గొప్ప కాదు. టీచరమ్మకి తగ్గలేదంటే అది ఆవిడ లోపమూ కాదు.

2024లో మా వెనకవీధిలో ఒకమ్మాయికి ఇదే జబ్బని తెలిసింది. ముప్ఫై నాలుగేళ్ళు, ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్ళత్తగారు వచ్చి, ‘ఒక్కసారి వచ్చి మా కోడలికి ధైర్యం చెప్పమ్మా’ అని బతిమాలింది. వస్తానన్నాను. మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే పైనుంచి పిన్నిగారు, ‘ఎక్కడికి?’ అంది. చెప్పాను. ‘ఆగు, నేనూ వస్తాను. మాట్లాడడం నువ్వు మాట్లాడు. నేను చారు పట్టుకొస్తాను’ అని లోపలికి వెళ్ళింది.

ఆ పిల్ల మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నన్ను చూడగానే, ‘మీకు తగ్గింది కదాండీ, నాకూ తగ్గుతుంది కదా?’ అంది.

‘ఆహా, తప్పకుండా’ అనడానికి నోరు తెరిచాను. యాభై ఏళ్ళ అలవాటు కదా! ఆపుకున్నాను. ‘అది నాకు తెలీదమ్మా. మీ డాక్టరుగారిని అడుగుదాం, కావాలంటే నేనూ వస్తాను. నాకేం జరిగిందో మాత్రం నాకు తెలుసు. చెప్పమంటావా?’ అన్నాను.

ఆ పిల్ల కాస్త జరిగి మంచం మీద చోటిచ్చింది. పక్కన కూర్చున్నాను. ఎర్రమందు సంగతి మొదలుపెట్టాను. పిల్లలు తలుపు సందులోంచి చూస్తున్నారు. అది విన్నాక చాలాసేపటికి, తన జడ ముందుకి వేసుకుని చేత్తో నిమురుకుంటూ, ‘జుట్టంతా ఊడిపోయిందా మీకు?’ అంది నావైపు చూసి.

నేను జవాబు చెప్పేలోగా, గుమ్మం దగ్గర గిన్నె పట్టుకుని నిలబడ్డ పిన్నిగారి గొంతు వినిపించింది.

‘నాకూ ఊడిందమ్మా. పదిహేనేళ్ళయింది. తిరుపతిలో ఇచ్చానని చెప్పుకున్నాను.’

ఆ పిల్ల ఒక్క క్షణం తెల్లబోయి చూసి, ఫక్కున నవ్వింది. పిన్నిగారు గిన్నె కింద పెట్టి, మంచానికి అటుపక్కన కూర్చుంది.